రెండో ప్లగ్గు

14, సోమవారం

ఇంజనీరు ఫోన్ చేశాడు. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి ఆఫీసులో ప్లాన్లన్నీ కొత్త ప్రోగ్రాంలోనే గీయాలట. పాతదాంట్లో గీసి పంపితే అక్కడ తెరుచుకోవట. ఆ కొత్తది ఎక్కాలంటే ముందు నా కంప్యూటర్ మొత్తాన్ని అప్‌డేట్ చేసుకోవాలి. "ముప్పయ్యో తారీఖు లోపల చేసేయండి. లేదంటే ఆ బడి ప్లాను పొడుగాయనకి ఇచ్చేయాల్సి వస్తుంది, ఏమీ అనుకోవద్దు" అన్నాడు.

ఎందుకనుకోను? మూడంతస్తుల బడి, పద్దెనిమిది గదులు. ఇరవై ఆరేళ్ళుగా ఇళ్ళ ప్లాన్లు గీస్తున్నాను, బడి ఇదే మొదటిది. గోడలు, తలుపులు అయిపోయాయి, కరెంటు పాయింట్లు పెట్టాలి. పొడుగాయన కూడా నాలాగే ఆ ఆఫీసుకి ప్లాన్లు గీస్తాడు, అతని చేతిలో పడితే ఫ్యాన్ స్విచ్చి తలుపు వెనకాల పెడతాడు. పిల్లలు జీవితాంతం ఆ తలుపు మూసి, స్విచ్చి వేసి, మళ్ళీ తెరుచుకోవాలి.

ఏముంది, అప్‌డేటే కదా. రేపు పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి ముగుస్తుంది.

15, మంగళవారం

ముగియలేదు.

ఏడూ ఇరవైకి నొక్కాను. పది గంటలు పడుతుందని చూపించింది. మన నెట్ లైను నడక అంతే, గంటకి పది శాతం. సరే, నాకేం తొందర అని పాత పత్రికల కట్ట ముందేసుకుని కూర్చున్నాను. మధ్యాహ్నం రెండింటికి అరవై ఆరు శాతం దగ్గర ఆగిపోయింది. "మీరు మీ ఇంటర్నెట్ కనెక్షన్‌ను సరిచూసుకోండి" అని తెర మీద మర్యాదగా ఒక మాట. ఇరవై నిమిషాలకి లైను వచ్చింది. వచ్చి ఏం లాభం? మళ్ళీ సున్నా నుంచి మొదలు.

16, బుధవారం

అరవై ఆరు. రెండింటికి. ఠంచనుగా.

17, గురువారం

ఇవాళ కాగితం పెట్టుకుని గుర్తు వేశాను. పొద్దున ఏడింటికి ఒకసారి లైను పోయింది, ఇరవై నిమిషాలు. మధ్యాహ్నం రెండింటికి, ఇరవై నిమిషాలు. సాయంత్రం ఆరింటికి, ఇరవై నిమిషాలు. రాత్రి తొమ్మిదికి పోతే ఇక తెల్లారే దాకా లేదు. ఇది లైను తప్పు కాదు. లైనుకి గడియారం చూడటం రాదు.

ఇంటర్నెట్ డబ్బా కింది వాటాలో ఉంది, ముందుగదిలో, కిటికీ పక్కన. వీధిలోంచి తీగ అక్కడికే వస్తుంది. అక్కణ్ణుంచి ఇంకో తీగ మెట్ల గోడ వెంబడి పైకి, నా గదిలోకి. డబ్బా ప్లగ్గు ఎవరి చేతికి అందుతుందో వేరే చెప్పాలా!

కిందాయన చేతికి. అన్నయ్య అని రాయడం మానేశాను.

ఇంకోటి. పగలు లైను పోయిన ప్రతిసారీ కింద ఏదో మిషన్ గుర్రుమంటోంది. రిటైరయ్యాక చెక్కతో బొమ్మ బస్సులు చేయడం మొదలుపెట్టాడు కదా, గరుకు తీసే మిషన్ ఏదో కొన్నట్టున్నాడు. దానికోసం నా డబ్బా పీకుతున్నాడన్నమాట.

"ఒకసారి కిందకెళ్ళి అడగొచ్చుగా" అంది మా ఆవిడ.

అడగను.

18, శుక్రవారం

మెట్ల మీద చీటీ. ఆయన చేతిరాతే, బస్సు టికెట్టంత కాగితం మీద. "మీరు మెట్ల లైటు ఆర్పడం మరిచిపోతున్నారు. దయచేసి గమనించగలరు."

మీరట! గమనించగలరట! నేను పుట్టిన రోజు నుంచి నన్ను ఒరేయ్ అని తప్ప పిలవని నోరది. మా ఆవిడ కూడా పెళ్ళయిన కొత్తలో ఒక వారం మీరు మీరు అని, ఇక తన వల్ల కాదని నువ్వులోకి దిగిపోయింది. వదిన సరేసరి, మొదటి రోజే "ఏమయ్యా, నువ్వేనా ఆ అల్లరోడివి" అంది. ఈ ఇంట్లో నాకు మర్యాద అలవాటు లేదు. పద్నాలుగు నెలలుగా ఈయన ఒక్కడే ఇస్తున్నాడు, తిట్టినా ఇంత మండదు.

నాకేం కోపం లేదు.

19, శనివారం

అరవై నాలుగు. ఒక పావుగంట ముందే పీకాడు.

20, ఆదివారం

ఇంజనీరు కంప్యూటర్‌ని ఆఫీసుకి తెచ్చుకోమన్నాడు, అక్కడి లైను మీద గంటలో అయిపోతుందట. నేను మోసుకెళ్ళను. ఇంట్లో లైను పెట్టుకుని ఊరు మీద పడటమేమిటి? ఫోన్ నెట్ చూద్దామంటే ఈ సందులో ఒక గీత కంటే రాదు.

పని లేక కూర్చుంటే అక్కర్లేనివన్నీ గుర్తొస్తాయి. పద్నాలుగు నెలల కిందటి ఆ రోజు సంగతి రాయకూడదనుకున్నాను, రాసేస్తున్నాను. కారు మా ఇద్దరిదీ, నడిపేది మాత్రం ఎప్పుడూ ఆయనే. ఆ రోజు లోపలికి తిప్పుతూ గేటుకి రాసేశాడు. పెద్ద చప్పుడు. సందులో జనం తలలు బయటపెట్టారు, ఎదురింటి దర్జీ అయితే సూది చేతిలో పట్టుకునే వచ్చాడు. నేను వెళ్ళి తాళాలు లాక్కున్నాను. "కళ్ళు కనపడనప్పుడు నీకెందుకు బండి? ఎవరినైనా చంపేదాకా నడుపుతావా?" అన్నాను. అందరి ముందూ అన్నాను. ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు నడిపి ఒక్క గీత పడనివ్వని మనిషితో అన్నాను.

ఆయన మొహం కందిపోయి ఉంది. దగ్గుతున్నాడు. సిగ్గుపడి దగ్గుతున్నాడనుకున్నాను. కాసేపటికి, "మీరు చెప్పింది నిజమే" అని లోపలికి వెళ్ళిపోయాడు. మొదటి మీరు అదే.

నేనన్నది తప్పేం కాదు. అన్న పద్ధతి తప్పేమో. ఆ మాట ఆయనే వచ్చి అడిగితే చెప్పేవాణ్ణి. తాళాలు నా సొరుగులోనే ఉన్నాయి. కారు గుడ్డ కప్పుకుని అక్కడే ఉంది, వారానికోసారి ఇంజను వేసి ఆపేస్తున్నాను.

22, మంగళవారం

లైన్‌మన్‌ని పిలిపించాను. ముందు కింద చూసి తర్వాత పైకి వచ్చాడు. "లైన్ శుభ్రంగా ఉంది సార్. పెద్దాయనే డబ్బా ప్లగ్ తీస్తున్నారు" అన్నాడు.

"ఎందుకు తీస్తున్నాడో చెప్పాడా?"

"నేను అడగలేదు సార్. అక్కడ టేబుల్ మీద ఏదో మిషన్ ఉంది, తువ్వాలు కప్పి ఉంది. ఆ గదిలో రెండు ప్లగ్గులుంటే ఒకటే పనిచేస్తోంది. రెండోది నల్లగా మాడిపోయింది. ఎవరైనా మెకానిక్‌ని పిలిచి మార్పించుకోండి, ఎంతసేపు పని అన్నాను. 'మనిషి ఉన్నాడులే, వస్తాడు' అన్నారు."

మనిషి ఉన్నాడట. ఎవడో ఆ మనిషి.

ఆ ప్లగ్గు సంగతి నాకు తెలియదు.

23, బుధవారం

ఆ ప్లగ్గు సంగతి నాకు తెలుసు. ఇప్పుడెందుకు అదంతా.

24, గురువారం

అరవై ఆరు.

25, శుక్రవారం

వదిన మెట్ల దగ్గర కనపడింది. చిక్కిపోయింది. "ఏమయ్యా, తిన్నావా?" అని అడిగింది. తిన్నానన్నాను. ఇంకేదో చెప్పబోయి, లోపల దగ్గు వినపడితే వెనక్కి తిరిగింది.

"ఎప్పుడూ దగ్గేనా?" అన్నాను.

"అడగాల్సింది నన్నా?" అని వెళ్ళిపోయింది.

మా ఆవిడతో ఈ మాట అంటే, "ఒకసారి కిందకెళ్ళి అడగొచ్చుగా" అంది. పదిహేను మెట్లు. నేనే లెక్కపెట్టి గీసిన మెట్లు. దిగడం ఎంతసేపు? దిగి ఏమనాలో తెలియాలి కదా.

26, శనివారం

బడి ప్లాను తెరిచి కూర్చున్నాను, పాత ప్రోగ్రాంలోనే. ఒక్కో గదికి నాలుగు ప్లగ్గు పాయింట్లు పెట్టాను. ఎక్కడ ఎవరికి ఏం అవసరమొస్తుందో చెప్పలేం, ఎక్కువే పెట్టాలి. మొదటి అంతస్తు పూర్తయింది. బాగా వచ్చింది. ఒకటో తారీఖు నుంచి ఈ ఫైలు ఎవరూ తెరవరు.

28, సోమవారం

ఇవాళ నోరు జారాను. కావాలనే జారాను.

ఇంజనీరు మళ్ళీ ఫోన్ చేశాడు, పొడుగాయనకి కబురు పెట్టమంటారా అని. ఒళ్ళు మండిపోయింది. సరిగ్గా అప్పుడే సాయంత్రం ఆరయింది, లైను పోయింది, కింద గుర్రుమని మొదలైంది. మెట్ల పైన నిలబడి కిందికి వినపడేలా అరిచాను. "ఒకాయన చెక్క బస్సుల సరదాకి ఇక్కడ నా పని పోతోంది! రేపు ఒక్కరోజు, పొద్దున ఏడూ ఇరవై నుంచి సాయంత్రం దాకా ఆ డబ్బా పీకకుండా ఉంటే ఎవరూ చచ్చిపోరు!"

మిషన్ చప్పుడు ఆగింది. మా ఆవిడ నా వైపు ఒక చూపు చూసి వంటగదిలోకి పోయింది. అన్నం వడ్డించేటప్పుడు గిన్నెలు గట్టిగా పెట్టింది. అది నాతో మాట్లాడటం లేదని అర్థం.

ఏం, నాకు మాత్రం బాధ ఉండదా?

29, మంగళవారం, మధ్యాహ్నం మూడు

ఏడూ ఇరవైకి మొదలుపెట్టాను. ఒంటిగంటన్నర నుంచి తెరకేసి కళ్ళార్పకుండా చూస్తున్నాను. రెండయింది. పోలేదు! రెండూ పది, పోలేదు. ఇప్పుడు డెబ్బై ఏడు. కింద మిషన్ మోగలేదు.

చూశావా, ఒక్క అరుపుకి దారికొచ్చాడు. ఇదేదో మొదటి రోజే అరిచి ఉంటే ఈ పదిహేను రోజుల గోల ఉండేది కాదు.

నాలుగు

ఎనభై ఏడు. దగ్గుతున్నాడు. గుక్క తిప్పుకోకుండా దగ్గుతున్నాడు. కిటికీ వేశాను, అయినా వినపడుతోంది.

మా ఆవిడ వచ్చి తలుపు దగ్గర నిలబడింది. కిందకెళ్ళి అడగమని ఈసారి అనలేదు.

30, బుధవారం, పొద్దున

నిన్న సాయంత్రం ఏమీ రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

నాలుగూ నలభైకి తొంభై మూడు ఉంది. కింద దగ్గు ఆగింది. ఆగడం మంచిదే కదా అనుకున్నాను. అంతలో వదిన గొంతు, నా పేరు పెట్టి ఒకే ఒక్క కేక. మెట్లు ఎలా దిగానో తెలియదు.

పద్నాలుగు నెలల తర్వాత ఆ గదిలోకి వెళ్ళాను. అన్నయ్య కిటికీ పక్క కుర్చీలో ముందుకి వంగి, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి కూర్చుని ఉన్నాడు. పెదాలు నల్లబడ్డాయి. ఒక్కో ఊపిరికీ భుజాలు పైకి లేస్తున్నాయి. కుర్చీలో దుప్పటి, దిండు ఉన్నాయి. పక్కన టేబుల్ మీద తువ్వాలు తీసేసిన మిషన్. దానికో గొట్టం, గొట్టం చివర ముక్కుకీ నోటికీ పెట్టుకునే మూత. చెక్క పొడి ఎక్కడా లేదు. బస్సులన్నీ బీరువా మీద దుమ్ము పట్టి ఉన్నాయి.

మిషన్ తీగ కింద వేలాడుతోంది. గోడకున్న రెండు ప్లగ్గుల్లో ఒకటి నల్లగా మాడి ఉంది. రెండోదాంట్లో నా డబ్బా ఉంది, ఆకుపచ్చ దీపం మినుకు మినుకుమంటూ.

"రోజుకి మూడుసార్లు మందు పెట్టి ఆవిరి పట్టాలయ్యా" అంది వదిన, ఏడుస్తూనే. "మధ్యాహ్నానిది వద్దన్నారు. ఎంత చెప్పినా వినలేదు. వాడి పని అయ్యేదాకా ఆ డబ్బా ముట్టుకోవద్దని నా చెయ్యి పట్టుకున్నారు."

డబ్బా తీగ మీద చెయ్యి వేశాను. అన్నయ్య నా మణికట్టు పట్టుకున్నాడు. ఆ చేతిలో బలం లేదు. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఒక్కో ముక్కా పేర్చుకుంటూ అన్నాడు.

"ఒరేయ్... పీకకురా... నీది అయిపోవచ్చింది."

పీకేశాను.

మిషన్ తీగ పెట్టాను. గుర్రుమంది. వదిన మూత తగిలించింది. పొగలాంటి ఆవిరి మొహం చుట్టూ కమ్ముకుంది. నేను నేల మీద కూర్చుని ఆయన కాళ్ళు పట్టుకున్నాను. దండం పెట్టాలని కాదు, పట్టుకోవడానికి ఇంకేదీ అందలేదు. ఎవరూ చచ్చిపోరు అని అరిచాను కదా, ఆ మాటే చెవుల్లో మోగుతోంది. ఇరవై నిమిషాలు. పదిహేను రోజులుగా నేను పైన గడియారం చూస్తూ తిట్టుకున్న ఇరవై నిమిషాలు ఇవే.

పెదాల రంగు తిరిగాక వదిన నన్ను వంటగదిలోకి తీసుకెళ్ళి అంతా చెప్పింది. ఊపిరితిత్తుల జబ్బు మొదలై రెండేళ్ళట, మొదట్లో ఉత్త దగ్గే అనుకున్నారట. పడుకుంటే ఊపిరాడక ఆ కుర్చీలోనే నిద్ర. డబ్బా దీపాలు కళ్ళల్లో పడుతున్నాయని రాత్రిళ్ళు తీసేస్తారట. గేటుకి కారు రాసిన రోజు కూడా దగ్గు తెర వచ్చి స్టీరింగ్ తిప్పలేకపోయాడు. కళ్ళకేమీ కాలేదు.

"నాతో ఒక్క మాట చెప్పకూడదా వదినా?"

"నీకు చెప్పానంటే ఊరుకోనన్నారు. జాలిపడి దిగొస్తాడు, నాకు జాలి వద్దు, కోపం పోయి వాడే రావాలి అన్నారు. మీరిద్దరూ ఒకే మట్టి."

"పోనీ ఆ ప్లగ్గయినా ఎవరిచేతన్నా మార్పించకపోయారా? ఎవరొచ్చినా చేస్తారు కదా."

"ఎక్స్‌టెన్షన్ బాక్స్ తెస్తానన్నా వద్దన్నారు. 'వాడు చేస్తానన్నాడుగా, వాడే చేస్తాడు' అంటారు. ఎన్నిసార్లు అన్నారో నీకేం తెలుసు!"

చేస్తానన్నాను. కారు గేటుకి తగలడానికి సరిగ్గా రెండు రోజుల ముందు, ఆ కుర్చీలోనే కూర్చుని, కాఫీ తాగుతూ అన్నాను. "ఆదివారం మార్చేస్తాలే అన్నయ్యా, చిటికెలో పని" అన్నాను. ఇన్ని రోజులూ ఈ డైరీలో ఆ ముక్క రాయకుండా తప్పించుకున్నాను. మనిషి ఉన్నాడు, వస్తాడు. ఆ మనిషిని నేనే.

పైకి వచ్చాక మా ఆవిడని అడిగాను, "నీకు తెలుసా ఇదంతా?" అని.

"తెలుసు. బావగారు ఒట్టు వేయించుకున్నారు. అందుకే నిన్ను అడగమన్నాను" అంది.

30, సాయంత్రం

ఇవాళ్టి సంగతి కూడా రాసేస్తే నిద్ర పడుతుంది.

పొద్దున ఆరున్నరకే టెస్టరు, స్క్రూడ్రైవరు, కొత్త ప్లగ్గు బోర్డు పట్టుకుని దిగాను. బోర్డు కొత్తదేం కాదు, పద్నాలుగు నెలల కింద కొని అటక మీద పెట్టిందే. కింది వాటా మెయిన్ ఆపి పాతది ఊడదీశాను. లోపల తీగ బొగ్గయింది. అన్నయ్య కుర్చీలోంచి చూస్తూ, ఊపిరి తీసుకుంటూ, ఒక్కో సలహా పడేస్తున్నాడు. ఆ తీగ కాదురా. గట్టిగా బిగించు. బడికి పాయింట్లు గీసేవాడివి, ఇంత వంకరగా పెడతావా.

విప్పి మళ్ళీ సరిగ్గా బిగించాను.

ఇరవై నిమిషాల్లో అయిపోయింది. మెయిన్ వేసి, మిషన్ ఒకదాంట్లో, డబ్బా ఒకదాంట్లో పెట్టాను. రెండూ వెలిగాయి. అన్నయ్య గోడ గడియారం వైపు చూశాడు.

"ఇరవై నిమిషాల పనికి పద్నాలుగు నెలలు. నీ కంటే ఆ కంప్యూటరే నయంరా" అన్నాడు.

అప్పుడు నవ్వాను. నవ్వుతూనే ఏడ్చాను, దాచలేదు. "కళ్ళు కనపడవన్నాను నిన్ను. అందరి ముందూ అన్నాను. తప్పయిపోయింది అన్నయ్యా" అన్నాను.

"దర్జీ ముందు కూడా" అన్నాడు. అదీ సంగతి, అది కూడా గుర్తుపెట్టుకున్నాడు. "సరే, ఏడుపు ఆపు. మొహం బాగా లేదు."

ఎనిమిదింటికి పైకి వెళ్ళి అప్‌డేట్ నొక్కాను. నొక్కి దాని మొహం చూడకుండా సొరుగులోంచి తాళాలు తీసుకుని దిగాను. డాక్టరు రమ్మని నెల రోజులైందట. బండి నడిపేవాడు లేక, నన్ను అడగనివ్వక, వెళ్ళలేదు. తాళాలు అన్నయ్య చేతిలో పెట్టాను. ఒకసారి బరువు చూసి నాకే తిరిగి ఇచ్చేశాడు.

"నువ్వే నడుపు. నేను పక్కన కూర్చుని తప్పులు పడతాను."

పట్టాడు. సందు మలుపు నుంచి ఆసుపత్రి మెట్ల దాకా, హారన్ ఎక్కువ కొట్టానని ఒకసారి, తక్కువ కొట్టానని రెండుసార్లు. డాక్టరు మందు మార్చాడు, రెండింటికి ఆవిరి అక్కడే పట్టించాడు. ఒక్క పూట కూడా మానడానికి వీల్లేదని అన్నయ్యకి చెబుతూ నా వైపు చూశాడు. ఆయనకి ఏం తెలుసని? అయినా తల దించుకున్నాను. ఎక్కువ నడవకుండా, భయపడకుండా, మందు వదలకుండా ఉంటే చాలా ఏళ్ళు నెట్టుకొస్తారు అన్నాడు. వదిన ఆ మాటని డాక్టరు చేత రెండోసారి చెప్పించుకుంది.

తిరిగొచ్చేసరికి అయిదు. నేను పైకి వెళ్ళలేదు. ఎంతయిందో చూసి రమ్మని అన్నయ్య తరుముతూనే ఉన్నాడు, నేను కాఫీ తాగుతూనే ఉన్నాను. ఆరింటికి వదిన మిషన్ పెట్టింది. గుర్రుమంది. కిటికీ పక్కన డబ్బా దీపం పచ్చగా వెలుగుతూనే ఉంది. అందరం దానివైపే చూశాం. ఆరలేదు.

కాసేపటికి అన్నయ్య మూత పక్కకి జరిపి, "ఒరేయ్, ఇప్పుడన్నా వెళ్ళి చూడరా. పొడుగాయన ఎత్తుకుపోతాడు నీ బడిని" అన్నాడు.

వచ్చి చూశాను. వంద. తెర మీద ఒక మాట ఉంది. "అప్‌డేట్ పూర్తయింది. మీరు సిద్ధంగా ఉంటే కంప్యూటర్‌ను మళ్ళీ మొదలుపెట్టవచ్చు."

ఈ ఇంట్లో నన్ను మీరు అనేది ఇక ఇదొక్కటే.